ఉడుకు నీళ్ల రంగు, బాయిలర్ అనే పేరు



సంక్రాంతి దాటిందంటే నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వకాలు జోరందుకుంటాయి. తవ్విన పసుపును రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. వెనకటి రోజుల్లో చేను పక్కనే పెద్ద ఇనుప కడాయి పెట్టి, కింద మంట వేసి, నురుగు పైకి పొంగి తెల్లటి పొగతో పాటు పసుపు వాసన గుప్పుమనేదాకా ముప్పావు గంటో, గంటో ఉడికించేవారు. ఇప్పుడు చాలా చోట్ల ఆవిరితో ఉడికించే యంత్రం చేను దగ్గరికే వస్తోంది. ఒక గుండ్రటి పాత్రలో నీళ్లు కాగి ఆవిరవుతాయి. ఆ ఆవిరి గొట్టాల గుండా పక్కనున్న డ్రమ్ముల్లోకి పోయి పసుపును ఉడికిస్తుంది. రైతులు దాన్ని బాయిలర్ అంటారు. "బాయిలర్ ఎప్పుడొస్తది, రేపు ఎవరి చేనుకు పోతది" అన్న మాటలే ఆ నెలంతా వినిపిస్తాయి.

పొద్దుగూకి ఇంటికి చేరాక ఒళ్లంతా పసుపు దుమ్ము. "బాయిలర్ వెయ్యి, తానం చెయ్యాలె" అన్నారంటే ఈసారి బాయిలర్ స్నానాల గదిలో గోడకు వేలాడే తెల్లటి డబ్బా. అదే వీధిలో ఇంకో ఇంటి పెరట్లో, మధ్యలో నిప్పుల గొట్టం ఉన్న పాత రాగి పాత్రను కూడా బాయిలర్ అనే పిలుస్తారు. హైదరాబాద్ వైపు దాన్ని హమామ్ అంటారు, మహారాష్ట్రలో బంబ్ అంటారు. గోడ మీది డబ్బాను గీజర్ అనేవాళ్లు కొందరు, హీటర్ అనేవాళ్లు ఇంకొందరు. బకెట్లో ముంచే కడ్డీని కూడా హీటర్ అనేవాళ్లున్నారు.

ఇన్ని పేర్ల మధ్య ఒక ఇంట్లో ఉడుకు నీళ్లు ఎర్రగా వచ్చాయనుకుందాం. మెకానిక్‌కు ఫోన్ చేసి "బాయిలర్ నీళ్లు ఎర్రగ వస్తున్నయి" అంటారు. విన్నతనికి అది ఏ వస్తువో తెలియదు. వచ్చి చూసి, "ట్యాంకు తుప్పు పట్టింది, కొత్తది కొనండి" అంటే ఆ ఇంటివాళ్ల దగ్గర కాదనడానికి ఆధారం ఏదీ ఉండదు. కొత్తది కొంటారు. నెల తిరగకముందే దాన్నుంచి కూడా ఎర్ర నీళ్లే రావచ్చు. తుప్పు ట్యాంకులో లేకుండా పైపులోనో, బోరు నీళ్లలోనో ఉంటే జరిగేది ఇదే. వేల రూపాయల ఖర్చు అనవసరంగా మీద పడకుండా ఉండాలంటే రెండు సంగతులు తెలియాలి. గోడ మీద ఉన్న వస్తువు ఏమిటి? నీళ్లకు ఆ రంగు ఎక్కడి నుంచి వస్తోంది?

ముందు పేర్ల సంగతి చూద్దాం. పసుపు వ్యాపారంలో పుట్టి పెరిగిన ఊరికి పేరు విలువ ఒకరు చెప్పనక్కర లేదు. మార్కెట్ యార్డులో కాడి (పసుపు కొమ్ము) అంటే కాడే, గోళ (గుండ్రటి దుంప) అంటే గోళే. ఆ రెంటికీ ధర వేరు, కుప్ప వేరు. నీళ్లు కాచే సామాన్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు కనిపించదు.

బాయిలర్ అన్న మాటకు మన దేశంలో చట్టమే అర్థం రాసిపెట్టింది. 1863లో కలకత్తాలో ఒక ఆవిరి బాయిలర్ పేలి ప్రాణాలు పోయాక, మరుసటి ఏడు బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం తెచ్చారు. తర్వాత దేశమంతటికీ 1923లో బాయిలర్ల చట్టం వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో 2025 చట్టం ఉంది. పాత చట్టానికి 2007లో చేసిన సవరణ ప్రకారం బాయిలర్ అంటే ఒత్తిడితో ఆవిరిని పుట్టించి బయటి పనికి పంపే పాత్ర. 25 లీటర్లకన్నా చిన్నదీ, నీళ్లు 100 డిగ్రీల లోపే వేడెక్కేదీ ఆ లెక్కలోకి రావు. అంటే చేను దగ్గర ఆవిరి పుట్టించే యంత్రాన్ని బాయిలర్ అనడం సబబే. స్నానాల గదిలోని డబ్బా మాత్రం, దుకాణదారు ఏమని పిలిచినా, బాయిలర్ కాదు.

మరి అదేమిటి? దాని ఒంటి మీద అతికించిన రేకు ముక్క చదివితే తెలుస్తుంది. లోపల ట్యాంకు ఉండి, నీళ్లు నిలవ ఉంచి కాచేదైతే స్టోరేజ్ వాటర్ హీటర్. దానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 2082. నీళ్లు పారుతుండగానే కాచేది ఇన్‌స్టంట్, దాని ప్రమాణం ఐఎస్ 8978. బకెట్లో ముంచే రాడ్డుకు ఐఎస్ 368. ఇవి కరెంటువి. గ్యాస్‌తో నడిచేది వేరే జాతి, దాని గురించి తర్వాత. కప్పు మీది సోలార్ ఇంకొకటి.

గీజర్ అన్న పేరు చాలా దూరం నుంచి వచ్చింది. ఐస్‌లాండ్‌లో భూమిలోంచి ఉడుకు నీళ్లు ఎగజిమ్మే ఊట ఒకటుంది, దాని పేరు గెయ్‌సిర్. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాస్ మంటతో నీళ్లు కాచే యంత్రం చేసి దానికి ఆ ఊట పేరు పెట్టాడు. ఆ పేరు మన దేశంలోనూ, దక్షిణాఫ్రికాలోనూ ఇళ్లలో నిలిచిపోయింది. అమెరికాలో నిలవలేదు. అక్కడ కాపురం పెట్టిన నిజామాబాద్ పిల్లలు ప్లంబర్‌కు ఫోన్ చేసి గీజర్ పాడైందంటే అతనికి ఎల్లోస్టోన్ పార్కులోని నీటి ఊట తోస్తుంది. అక్కడ నీళ్లు కాచేది వాటర్ హీటర్, గాలిని వేడిచేసి ఇల్లంతా పంపేది ఫర్నేస్, గదుల్లోని రేడియేటర్లకు వేడి నీళ్లు పంపేది బాయిలర్. లండన్‌లో ఇంకో మెలిక. అక్కడ ఇమర్షన్ హీటర్ అంటే రాగి ట్యాంకు లోపల బిగించిన కాయిల్. ఇక్కడ అదే మాటకు బకెట్లోని రాడ్ అని అర్థం. ఆ చలిదేశాల్లో రేడియేటర్ విప్పితే తారులాంటి నల్లటి నీళ్లు కారతాయి. కొత్తగా వెళ్లినవాళ్లు స్నానం నీళ్లు కూడా ఇలాగే ఉన్నాయేమోనని హడలిపోతారు. ఆ నలుపు ఇనుము నుంచి పుట్టిన మాగ్నటైట్. రేడియేటర్లలో అవే నీళ్లు మూసి ఉన్న గొట్టాల్లో ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి. కుళాయికి వచ్చే నీళ్ల దారి వేరు.

ఇక రంగు. రంగు నీళ్లు రాగానే చేయాల్సిన మొదటి పనికి రెండు గాజు గ్లాసులు చాలు. ఒకదాంట్లో ఉడుకు నీళ్ల నల్లా నుంచి, రెండోదాంట్లో చల్ల నీళ్ల నల్లా నుంచి పట్టి పక్కపక్కన పెట్టాలి. రెండూ ఎర్రగా ఉంటే హీటర్ తప్పు లేదు. రంగు బోరు నుంచో, మిద్దె మీది ట్యాంకు నుంచో, పాత ఇనుప పైపుల నుంచో వస్తోంది. ఉడుకు నీళ్లే ఎర్రగా ఉంటే అనుమానం హీటర్ ట్యాంకు మీదికీ, దాన్నుంచి వచ్చే పైపు మీదికీ పోతుంది. పొద్దున్నే నల్లా తిప్పగానే కాసేపు ఎర్రగా వచ్చి తర్వాత తేటపడితే, రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు పైపు తుప్పును మోసుకొచ్చాయన్న మాట.

ఆ గ్లాసులను వెంటనే పారబోయకూడదు. కొన్ని బోర్ల నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, గంట గడిచేసరికి పసుపు తిరిగి, ఆపై అడుగున ఇటుక రంగు మడ్డి పేరుకుంటుంది. భూమి లోపల గాలి తగలనప్పుడు ఇనుము నీళ్లలో కరిగి, కంటికి కనపడకుండా ఉంటుంది. గాలి తగిలితే తుప్పుగా మారి బయటపడుతుంది. వేడి ఆ మార్పును ఇంకా తొందర చేస్తుంది. అందుకే ఒకే బోరు నీళ్లు చల్ల నల్లాలో తేటగా, ఉడుకు నల్లాలో ఎర్రగా కనిపించే సందర్భాలున్నాయి. అలాంటప్పుడు గ్లాసుల పరీక్ష ఒక్కటే చూసి ట్యాంకును తప్పుపడితే పొరపాటే. చల్ల నీళ్ల గ్లాసును రాత్రంతా ఉంచి చూడాలి. లీటరుకు 0.3 మిల్లీగ్రాముల ఇనుము దాటితే ఉతికిన బట్టలకు మరకలు పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో తెల్ల బట్టలు, తెల్ల టైల్స్ తుప్పు రంగు తిరుగుతుంటే అది కూడా సాక్ష్యమే.

ఇంకో పరీక్ష ఉంది. పాలు కలపని చిక్కటి టీ డికాషన్ కొంచెం ఆ నీళ్లలో పోస్తే, ఇనుము బాగా ఉన్న నీళ్లు నల్లబడతాయి. టీలోని వగరుకూ ఇనుముకూ మధ్య జరిగే చర్య అది. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసినవాళ్లూ, శ్రీకాళహస్తిలో తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి కలంకారీ నలుపు తీసేవాళ్లూ వాడుకున్నది ఈ గుణాన్నే.

ఆర్మూర్‌లో నీళ్ల సంగతి కొంచెం ప్రత్యేకం. నవనాథ సిద్ధుల గుట్ట చూసినవాళ్లకు ఈ ఊరు ఏ రాయి మీద కూర్చుందో తెలుసు. బోరు నీళ్లు ఆ రాతి పగుళ్లలోంచి వచ్చేవి. మిషన్ భగీరథ నీళ్లేమో శ్రీరాంసాగర్‌లో ఆగిన గోదావరివి, శుద్ధి చేసి పంపినవి. చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకే సంపులో కలుస్తాయి. ఏ రోజు ఏది ఎక్కువ కలిస్తే ఆ రోజు నీళ్ల గుణం అటు మొగ్గుతుంది. నిన్న తేటగా వచ్చి ఇవాళ రంగు తిరిగితే హీటర్ ఒక్క రాత్రిలో పాడైందని అనుకునే ముందు, సంపులోకి నిన్న ఏ నీళ్లు వచ్చాయో గుర్తు చేసుకోవాలి.

పసుపు ఊరికి మాత్రమే ఎదురయ్యే రంగు ఇంకొకటుంది. పసుపు పని చేసి వచ్చినవాళ్లు ఉడుకు నీళ్లతో చేతులు తడిపి సబ్బు రుద్దగానే చేతులు ఎర్రబడతాయి, బకెట్లో నీళ్లు కూడా ఎర్రటి జాడలు పోతాయి. ఆ ఎరుపుకు హీటర్‌తో సంబంధమే లేదు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, సబ్బులో క్షారగుణం ఉంటుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేసేదీ, ఎర్రనీళ్లు కలిపి దిష్టి తీసేదీ ఈ గుణంతోనే. నిమ్మరసం పిండితే ఆ ఎరుపు మళ్లీ పసుపైపోతుంది. తుప్పు ఎరుపు అలా మారదు. పసుపు సీజన్‌లో ఈ తేడా చూడకుండా మెకానిక్‌ను పిలవకూడదు.

ఇప్పుడు నిజంగా ట్యాంకే తుప్పు పట్టిందనుకుందాం. స్టోరేజ్ హీటర్ ట్యాంకులు చాలావరకు ఉక్కువే. లోపల గాజులాంటి ఎనామెల్ పూత ఉంటుంది. పూతలో ఎక్కడో సన్నటి లోపం ఉండనే ఉంటుంది, నీళ్లు ఉక్కును తాకేది అక్కడే. దానికి కాపలాగా ట్యాంకులో ఒక మెగ్నీషియం కడ్డీ పెడతారు. దాని పేరు యానోడ్ రాడ్. ఉక్కుకన్నా మెగ్నీషియం తేలిగ్గా తినబడుతుంది కాబట్టి, తుప్పు పట్టించే చర్య కడ్డీ మీద జరిగి ట్యాంకు నిలుస్తుంది. ఈ కిటుకు పాతదే. 1824లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ నౌకాదళం ఓడల అడుగున ఉన్న రాగి రేకులను సముద్రపు నీరు తినేయకుండా, వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించి చూశాడు. రాగి తినబడడం ఆగింది.

యానోడ్ కడ్డీ శాశ్వతం కాదు. ఖనిజాలు ఎక్కువున్న బోరు నీళ్లలో ఇంకా త్వరగా కరిగిపోతుంది. లోపలి తీగ మాత్రం మిగిలాక ఇక తినబడేది ట్యాంకే. ఉడుకు నీళ్లు ఎర్రబడేది అప్పుడే. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కడ్డీ తీసి చూసి, సన్నబడితే మార్పించుకుంటే ఎన్నో ట్యాంకులు బతుకుతాయి. మన ఊళ్లలో హీటర్ కొనేటప్పుడు లీటర్లు, రంగు, స్టార్లు అడుగుతారు. ఈ కడ్డీ గురించి అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు అంతకన్నా తక్కువ. కొన్నవాళ్లకు దీని సంగతి చెప్పడం అమ్మేవాళ్ల బాధ్యత.

ఉడుకు నీళ్లకు కుళ్లిన గుడ్ల కంపు వస్తే అదీ ఈ కడ్డీ చుట్టూ తిరిగే కథే. నీళ్లలోని సల్ఫేట్‌ను తినే సూక్ష్మజీవులు గోరువెచ్చటి ట్యాంకులో పెరిగి, మెగ్నీషియంతో కలిసి ఆ వాసన పుట్టిస్తాయి. అలాగని కడ్డీ పీకేస్తే ట్యాంకు పోతుంది. అల్యూమినియం, జింకు కలిసిన కడ్డీ వేయించుకోవచ్చు. నీళ్లను 60 డిగ్రీల దాకా కాయడం కూడా ఆ జీవులకు మందు. అంత వేడి నీళ్లు నేరుగా ఒంటి మీద పోసుకుంటే కొన్ని సెకన్లలోనే కాలుతుంది. పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో బకెట్లో ముందు చల్లనీళ్లు పట్టాకే ఉడుకు నీళ్లు కలపాలి.

తెల్లగా, పాలలా వచ్చే నీళ్లకు భయపడనక్కర లేదు. గ్లాసులో పట్టి చూస్తే అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తాయి. అది గాలి బుడగల పని. తెల్లటి పొలుసులు, సున్నపు పెళ్లలు వస్తే మాత్రం అది నీళ్ల కఠినత్వం. కాగినప్పుడు సున్నం విడివడి కాయిల్ మీద పెంకు కడుతుంది. ఆ పెంకు మందమయ్యేకొద్దీ నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, చివరికి కాయిల్ కాలిపోతుంది. పెళ్ల మీద నిమ్మరసం పోస్తే బుసబుసమంటుంది, తుప్పు అలా పొంగదు. ఇక నల్లటి రవ్వలు వస్తే మాంగనీస్ కావచ్చు, లేదా హీటర్‌కు బిగించిన గొట్టం లోపలి రబ్బరు విడిపోతుండవచ్చు. వేళ్ల మధ్య నలిపితే మసిలా మెత్తగా అంటుకునేది సాధారణంగా రబ్బరే. నీలి ఆకుపచ్చ మరకలు రాగి పైపులు తినబడుతున్న గుర్తు.

రంగు మారిన నీళ్లను తేలిగ్గా తీసుకోవద్దని చెప్పే ఉదంతం అమెరికాలో ఉంది. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం డబ్బు ఆదా చేయాలని 2014 ఏప్రిల్‌లో నీళ్ల ఆధారం మార్చి ఫ్లింట్ నది నీళ్లు ఇచ్చింది. పైపులు తినబడకుండా కలపాల్సిన మందు కలపలేదు. ఇళ్లలో నారింజ, గోధుమ రంగు నీళ్లు వచ్చాయి. జనం సీసాల్లో పట్టుకుని సభలకు తెచ్చి చూపించారు. అదే ఏడు అక్టోబరులో ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని అక్కడి జనరల్ మోటార్స్ కర్మాగారం ఆ నీళ్లు వాడడం మానేసింది. ఇళ్లకు మాత్రం ఇంకో ఏడాది అవే నీళ్లు పారాయి. పిల్లల వైద్యురాలు మోనా హన్నా అటీషా 2015లో పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో బయటపెట్టింది. ఎరుపు కంటికి కనిపించింది, సీసం కనిపించలేదు. రెంటికీ మూలం పైపులు తినబడడమే.

ఆర్మూర్ నీళ్లు ఫ్లింట్ నీళ్లని చెప్పడం కాదిది. ఆ ఉదంతంలోంచి వంటింటికి పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. వేడి నీళ్లు లోహాలను చల్లనీళ్లకన్నా ఎక్కువగా కరిగించుకుంటాయి. అందుకే తొందరగా ఉడుకుతుందని ఉడుకు నల్లా నీళ్లు పట్టి టీ పెట్టడం, బియ్యంలో పోయడం, పసిపిల్లల పాలు కలపడం చేయకూడదు. తాగడానికీ వండడానికీ చల్లనీళ్లే పట్టి పొయ్యి మీద కాచుకోవాలి.

గ్యాస్ గీజర్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పేరు గందరగోళం ప్రాణాల మీదికి వస్తుంది. కరెంటుదీ గీజరే, గ్యాస్‌దీ గీజరే అనుకుని, కరెంటుది పెట్టిన మూసిన స్నానాల గదిలోనే దాన్నీ బిగిస్తారు. గ్యాస్ మంట గదిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. తలుపు వేసుకుని స్నానానికి వెళ్లినవాళ్లు లోపలే కుప్పకూలిన వార్తలు దేశంలో చలికాలం వస్తే చదువుతూనే ఉన్నాం. గ్యాస్‌ది స్నానాల గది బయట, గాలి ఆడే చోట ఉండాలి. పొగగొట్టం బయటికి పోవాలి. లోపలికి పైపుతో నీళ్లు మాత్రమే రావాలి.

కరెంటుదానికీ ఒక ప్రమాదం ఉంది. వేడిని ఆపే థర్మోస్టాట్, దాని వెనుక కాపలా ఉండే కటౌట్ రెండూ చెడి, ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వ్ సున్నంతో పూడుకుపోతే, ట్యాంకులో నీళ్లు 100 డిగ్రీలు దాటతాయి. అప్పుడు స్నానాల గదిలోని డబ్బా నిజంగానే బాయిలర్ అవుతుంది, తనిఖీ చేసే అధికారి లేని బాయిలర్. వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు కారుతున్నాయని దానికి బిరడా కొట్టించేవాళ్లున్నారు. ఆ చుక్కలు కారడమే దాని పని, దాన్ని మూయకూడదు. ఉడుకు నల్లాలోంచి నీళ్లతో పాటు ఆవిరి చిమ్మితే స్విచ్చుతో సరిపెట్టకుండా మెయిన్ దగ్గర ఎంసీబీ దించి, నీళ్లు చల్లారేదాకా దాని జోలికి పోకూడదు.

మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు రేకు మీది మాటలు చదివి, రెండు గ్లాసులు పట్టి చూసుకుంటే చెప్పాల్సింది ఇలా ఉంటుంది: "మాది కరెంటు స్టోరేజ్ హీటరు, 25 లీటర్లది, బిగించి ఆరేళ్లయింది. యానోడ్ రాడ్ ఒక్కసారి కూడ మార్చలే. ఉడుకు నల్లాకే ఎర్రగ వస్తున్నయి, చల్ల నీళ్లు రాత్రంత పెట్టినా తేటగనే ఉన్నయి. వచ్చేటప్పుడు కడ్డీ, గ్యాస్కెట్ తీస్కొని రండ్రి."